లాడపు మేకు

మన పాఠశాలా వార్షిక సంచికయందు ఉపాధ్యాయులు విద్యను గూర్చియో, నడవడిని గూర్చియో, తాము చేసిన యాత్రలను గూర్చియో వ్రాయుట వాడుక. ఈ యేఁడు నేను ఒక యినుప మేకును గూర్చి వ్రాయఁబూనితిని. దాని పొడవు రెండంగుళములు. దాని వెల మిక్కిలి స్వల్పము. అయినను గుఱ్ఱపు గిట్టలో అది నూలుపోగంత త్రోవ తప్పినయెడల, మూఁడువందల కిలోల బరువుగల జంతువు మూఁడు కాళ్లమీఁద నిలువవలసివచ్చును. దానిని నమ్ముకొన్న యింటిలో పొయ్యి వెలుఁగుట కష్టమగును.

కొందఱు చదువరులు నవ్వి, "ఈ కాలమున గుఱ్ఱము లెక్కడ నున్నవి?" అని యడుగవచ్చును. నిజమే. తెనాలి, బాపట్ల, చీరాల రైలు స్టేషనుల యెదుట బారులు తీర్చి నిలిచిన జట్కాలు పోయి, ఆటోలు వచ్చి చాలకాలమైనది. అయినను గుఱ్ఱము మన సీమను బొత్తిగా విడిచిపోలేదు. పెండ్లి యూరేగింపులలో నేఁటికిని పెండ్లికుమారుని మోయుచున్నది. ఆదివారములందును, కార్తికమాసపు స్నానముల దినములందును వాడరేవు ఇసుకమీఁద పట్టణపు పిల్లలను ఎక్కించుకొని అలల యంచున అటునిటు నడచుచున్నది. అట్టి గుఱ్ఱపువాని కుమారుఁడు ఒకఁడు మన పాఠశాలలోనే చదువుచున్నాఁడు. ఆ బాలునివలననే ఈ మేకు సంగతి నాకు దగ్గఱగాఁ దెలిసినది.

ఈ తీరమునకు గుఱ్ఱము క్రొత్త కాదు. వాడ యనఁగా ఓడ. వాడరేవు అను పేరే ఈ యూరు సముద్ర వ్యాపారమునకు చుట్టమని చెప్పుచున్నది. ఇచ్చటికి నైరుతి దిక్కున కొన్ని క్రోసుల దూరమున మోటుపల్లి యున్నది. కాకతీయ గణపతిదేవుఁడు 1244లో ఆ రేవున అభయశాసనము వేయించెను. తుపానునకు చిక్కి యొడ్డున పడిన ఓడలలోని బంగారమును, ఏనుఁగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలవంతముగాఁ దీసికొనుచుండిరనియు, తాను మాత్రము న్యాయమైన సుంకము తప్ప మఱేమియు తీసికొననియు అతఁడు దానియందు చెక్కించెను. గుఱ్ఱములు ఓడలమీఁద ఈ వైపునకు వచ్చుచుండెననుటకు ఆ రాతికంటె సాక్ష్య మేమి కావలెను? తరువాత రెడ్డిరాజుల కాలమున అవచి తిప్పయసెట్టి యను వర్తకుఁడు హురుమంజినుండి, అనఁగా పారసీక సింధుశాఖ ముఖద్వారమందలి ద్వీపమునుండి, మేలుజాతి గుఱ్ఱములను తెప్పించెను. శ్రీనాథుఁడు హరవిలాసమును అంకితమిచ్చినది ఇతనికే.

మోటుపల్లిని గూర్చి వ్రాసిన వెనిసు నగరవాసి మార్కోపోలో, దక్షిణమున పాండ్యుల తీరమును గూర్చి వ్రాయుచు ఒక వింత సంగతి చెప్పియున్నాఁడు. ఆ రాజు ఏఁటేఁట రెండువేలకు మించిన గుఱ్ఱములను కొనుచుండెనట. సంవత్సరము ముగియునప్పటికి వానిలో నూఱైనను బ్రదికి యుండవట. కారణ మేమనఁగా, గుఱ్ఱములను సాఁకు విధము ఆ దేశస్థులకుఁ దెలియదు. లాడములు కొట్టుటయు వైద్యమును ఎఱిఁగినవారు అచ్చట లేరు. గుఱ్ఱములు బ్రదికినయెడల తమ బేరము తగ్గునని, వర్తకులు అట్టి పనివారిని వెంటఁ దేకపోవుటయే గాక, వచ్చువారిని గూడ అడ్డగించుచుండిరట. ఇందులో ఎంత యతిశయోక్తి యున్నను, ముఖ్యమైన మాట నిజమే. వేల వరహాలు పోసి గుఱ్ఱమును కొనవచ్చును. దాని గిట్టను ఎఱిఁగిన మనుష్యుఁడు లేనిచో ఆ ధనమంతయు ఇసుకలో పోసిన నీరే. మన భాషలో మనుమంచిభట్టు హయలక్షణ విలాసమను గ్రంథమునే రచించుటను బట్టి, ఈ విద్యను మన పెద్దలు తక్కువగాఁ జూడలేదని తెలియుచున్నది.

ఇఁక గిట్ట సంగతి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొదట నేర్పిన సూత్రములలో ఒకటి, తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలె ననునది. కాఁబట్టి విద్యార్థులారా, మీ వ్రేలిగోరును చూడుఁడు. చివర తెల్లగాఁ బెరిగిన భాగమును కత్తిరించినను నొప్పి తెలియదు. చర్మమునకు అంటియున్న ఎఱ్ఱని భాగమునకు సూదిమొన తగిలినచో ప్రాణము జివ్వుమనును. గుఱ్ఱపు గిట్టయు అట్టిదే. గుఱ్ఱము ఒక్కొక్క కాలికి ఒక్కటే గోరు గల జంతువు. ఆ గోటిమీఁదనే దాని బరువంతయు నిలిచియున్నది. గిట్టకు వెలుపల దళసరియైన గోడవంటి భాగము కలదు. అందులో నరములు లేవు, నెత్తురు లేదు. ఆ గోడకు లోపల సున్నితమైన మాంసపుపొర కలదు. అందులో నెత్తురు నిండియున్నది. నొప్పి తెలిసెడిది అచ్చటనే. కాలెత్తి అడుగుభాగమును చూచినపుడు, గోడయు అరికాలును కలియుచోట పసుపు కలిసిన తెలుపు రంగుగల సన్నని గీఁత యొకటి చుట్టు కనఁబడును. లాడము కొట్టువానికి ఆ గీఁతయే పొలిమేర. మేకు ఆ గీఁతకు వెలుపలనే మొదలై, గోడలోనే పైకి ప్రాఁకి, ముప్పాతిక యంగుళము ఎత్తున బయటికి రావలెను. బయటికి వచ్చిన మొనను త్రుంచి, మిగిలిన తునుకను వంచి గోడకు అదిమి, ఆకురాయితో నునుపు చేయుదురు.

లాడపు మేకు తక్కిన మేకులవంటిది కాదు. దాని మొన ఒకవైపు ఏటవాలుగాఁ జెక్కఁబడి యుండును. అందుచేత కొట్టినకొలఁది అది తనంతట వెలుపలివైపునకు వంగును. ఆ చెక్కుడు ఎటువైపున నున్నదో చూచుకొనక తాఁకించినయెడల మేకు లోపలికి వంగును. ఒక్కొక్క లాడమునకు ఆఱు మొదలు ఎనిమిది మేకులు కొట్టుదురు. నాలుగు కాళ్లకు కలిపి ఇంచుమించు ముప్పది. ఆ ముప్పదిలో ఇరువదితొమ్మిది సరిగా పడి, ఒక్కటి తప్పినను గుఱ్ఱము కుంటును.

గత కార్తికమాసమున నేను చూచిన సంగతి యిది. పైనఁ జెప్పిన బాలుఁడు తొమ్మిదవ తరగతివాఁడు. వాని తండ్రికి ఒక యెఱ్ఱని ఆఁడుతట్టువ కలదు. దానికి రాణి యని పేరు. గురువారమున, ఊరూరు తిరుగు లాడములవాఁడు వచ్చి దానికి క్రొత్త లాడములు వేసిపోయెను. ఆదివారమున అది ఎప్పటివలెనే పిల్లలను మోసెను. సోమవారము చీరాల రోడ్డుమీఁద కొంచెము పొట్టి యడుగులు వేసెను. మంగళవారము కుంటెను. పౌర్ణమికి ఇంక ఐదు దినములే యుండెను.

కార్తిక పౌర్ణమి యనఁగా వాడరేవున నేల యీనినట్లు జనము వచ్చు దినము. గుంటూరునుండియు, నరసరావుపేటనుండియు, ఇంక దూరపు యూళ్లనుండియు బస్సులు వచ్చును. రాణికి ఆ యొక్క దినమున వచ్చు రాబడి, సాధారణమైన నెల రాబడికి దీటుగ నుండును. దానితోనే ఆ యింటివారు అప్పు వాయిదా కట్టవలెను. శీతకాలపు ఉలవలును గడ్డియు కొనవలెను. ఆ బాలుఁడు బడికి వచ్చియు పాఠము వినలేదు. అడుగఁగా సంగతి చెప్పెను. నాఁటి సాయంకాలము నేను వానితోఁ గూడ వారి యింటికి పోయితిని.

అచ్చట అప్పటికే సలహాలకు లోటు లేకుండెను. దిష్టి తగిలినదని ఒక ముసలమ్మ యనెను. భుజము పట్టినది గనుక జబ్బకు వాత పెట్టవలెనని మఱియొకఁడు చెప్పెను. నొప్పి తెలియకుండు సూదిమందు వేయించినయెడల పౌర్ణమి గడచిపోవును, తరువాత చూచుకొనవచ్చునని మూఁడవవాఁడు చెప్పెను. ఈ కడపటి మాటయే తండ్రి చెవిలో నాటుకొని యుండెను.

"ఇసుకలో మడమ బెణికివుంటది, మాస్టారుగారూ. రెండు పూటలు సముద్రపు నీళ్లలో నిలబెడితే దిగిపోద్ది" అని ఆయన నాతో ననెను.

"సాయిబుగారూ, లాడము కొట్టి ఐదు దినములే కదా యైనది. ముందు గిట్ట చూతమా?" అని నేనడిగితిని.

"కొట్టిన రోజున కుంటలేదండీ. మూడు రోజులు బాగానే తిరిగింది" అని ఆయన బదులు చెప్పెను.

నేను పశువైద్యుఁడను గాను, పాఠము చెప్పువాఁడను. కావున వైద్యుని పిలుచువఱకు మనము చూడఁదగినది చూతమని బాలునికి మూఁడు పనులు చెప్పితిని. మొదటిది, గుఱ్ఱమును గట్టి నేలమీఁద నెమ్మదిగా నడిపించి తలను చూచుట. ముందుకాలు నొచ్చు గుఱ్ఱము, నొచ్చుకాలు నేలకు ఆనునపుడు తల పైకెత్తును. మంచికాలు ఆనునపుడు తల వంచును. వాఁడు రెండుమాఱులు చూచి, "ఎడమకాలండీ" అనెను. రెండవది, రెండు ముందుగిట్టలమీఁద రెండు అఱచేతులు ఒకేమాఱు పెట్టి వేఁడిని పోల్చుట. ఎడమ గిట్ట వెచ్చగా నుండెను. మూఁడవది, గిట్టకు పైన, కాలి వెనుకభాగమున వ్రేళ్లు ఆనించి నాడిని చూచుట. ఆరోగ్యమైన కాలిలో ఆ నాడి వెదకిననుగాని చిక్కదు. రాణి యెడమకాలిలో అది సుత్తివలెఁ గొట్టుచుండెను. భుజమున వాపు లేదు, మడమన వాపు లేదు. నొప్పి గిట్టలోనే యున్నదని అందఱకును స్పష్టమాయెను. వాత మాట మఱి యెవ్వరును ఎత్తలేదు.

మఱునాఁడు ఉదయమున ప్రభుత్వ పశువైద్యుఁడు వచ్చెను. ఆయన కాలిని పైకెత్తించి, చిన్న సుత్తితో మేకుల తలలను ఒక్కొక్కదానిని మెల్లగాఁ దట్టుచు వచ్చెను. మొదటిదానికి గుఱ్ఱము కదలలేదు. రెండవదానికిని కదలలేదు. లోపలిప్రక్క మడమకు దగ్గఱనున్న మేకును తట్టఁగానే కాలు విదలించెను. మఱల తట్టఁగా మఱల విదలించెను. ఆయన మేకుల మడతలను ఉలితో లేపి, లాడమంతయు ఒక్కమాఱుగా పెఱుకక, ఒక్కొక్క మేకును వేఱువేఱుగాఁ దీసెను. తక్కినవి పొడిగాను మెఱుఁగుగాను వచ్చినవి. ఆ యొక్క మేకు మాత్రము నల్లగా, తడిగా, దుర్వాసనతో వచ్చెను. రంధ్రమును కొంచెము వెడల్పు చేయఁగా బూడిదరంగు చీము రెండు చుక్కలు కాఱెను. గుఱ్ఱము దీర్ఘముగా ఊపిరి విడిచెను. నాకు తోఁచినంతవఱకు, అచ్చట నిలిచిన మనుష్యులందఱును అట్లే విడిచిరి.

పిమ్మట ఆయన చేయించిన వైద్యము సులభమైనదే. రంధ్రమును అయొడిను నీటితోఁ గడిగిరి. భేదియుప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో గిట్టను ఉంచి, ఆఱఁబెట్టి, దూదియు శుభ్రమైన గుడ్డయు కట్టి, పైన దళసరి గోనె చుట్టిరి. ఇట్లు దినదినము చేయవలెనని చెప్పెను. ధనుర్వాతము రాకుండ సూదిమందు వేసెను. పుండు మానువఱకు సముద్రపు నీరును, ఇసుకయు, పేడ తడియు తగులరాదని గట్టిగాఁ జెప్పెను.

అప్పుడు తండ్రి చేతులు నలుపుకొనుచు, "పౌర్ణమికి ఒక్క పూట నడవడానికి మందు ఏదైనా..." అని మాట పూర్తి చేయలేకపోయెను.

వైద్యుఁడు కోపపడలేదు. "నొప్పి తీసేస్తే అది మీ మాట విని నడుస్తుంది. లోపల చీము మాత్రం నా మాటా వినదు, మీ మాటా వినదు. పైకి పాకి గిట్ట అంచున పగులుతుంది. అప్పుడు నెలలు పడుతుంది. మీ ఇష్టం" అనెను.

ఆయన చాలసేపు మాటలాడలేదు. ఇంటి యిల్లాలు లోపలినుండి, "పోతే పోయింది పున్నమి. అది మూగది" అనెను. నిర్ణయము అంతటితో ముగిసినది.

ఎట్టకేలకు మూఁడవనాఁడు లాడములవాఁడు వచ్చెను. తప్పు తనది కాదని మొదట వాదించెను. కొట్టిన నాఁడు కుంటలేదు గనుక ఇది నాతరువాత వచ్చినదనెను. ఇందులో కొంత న్యాయము కలదని వైద్యుఁడు మాకు ముందే తెలిపియుండెను. మేకు సున్నితమైన మాంసములోనికే దిగినయెడల గుఱ్ఱము ఆ క్షణముననే ఎగిరిపడును, నెత్తురు కనఁబడును. మాంసమునకు దిగక, దానిని ఆనుకొని బిగువుగా నిలిచిన మేకు అట్లు కాదు. నడచినకొలఁది అది లోపల ఒత్తును. ఒకటి రెండు దినములకో, కొన్నిసారులు వారమునకో నొప్పి బయటపడును. కావున మూఁడు దినములు బాగుగాఁ దిరిగినదను మాట, మేకు నిర్దోషియనుటకు సాక్ష్యము కాదు.

బాలుఁడు దాఁచియుంచిన ఆ మేకును తెచ్చి వాని చేతిలో పెట్టెను. వాఁడు దానిని వాసన చూచెను. వంపును వ్రేలితో తడవెను. ఆ మీఁదట తలవంచుకొని యిట్లనెను: "ఆ రోజు ఇది ఆఱో గుఱ్ఱం. ఈగలకు కాలు లాగింది. గట్టి గోడలో మేకు పోతుంటే చప్పుడు గణగణమంటది. దీనికి మెత్తగా వచ్చింది. విన్నాను. తీసి మళ్లీ కొట్టాల్సింది. తీయలేదు."

అచ్చట నున్నవారిలో వానిని తిట్టుటకు సిద్ధముగా వచ్చినవారును ఉండిరి. ఆ మాట తరువాత ఎవరును తిట్టలేదు. వాఁడు వారమునకు రెండుమాఱులు తన ఖర్చుతో వచ్చి గిట్టను చూచిపోయెను. రమారమి మూఁడు వారములు గడచి, రంధ్రము పొడియైన తరువాత, ఆ చోటిని ఖాళీగా విడిచి తక్కిన మేకులతో లాడమును మరల వేసెను. దానికి రూకలు తీసికొనలేదు. ఆ నెల రాబడి పోయినది, కాలు దక్కినది. తండ్రి ఆ దినములలో స్నేహితుని టీ దుకాణమున పనిచేసి ఇల్లు గడపెను. అప్పు వాయిదా ఒక నెల వెనుకఁబడెను. మార్గశిరమున రాణి మరల ఇసుకమీఁదికి వచ్చినది.

లాడము కొట్టిన పిదప వచ్చు నొప్పి యంతయు మేకువలననే వచ్చునని అనుకొనరాదు. అరికాలిని కత్తితో మితిమీఱి చెక్కినయెడల, చర్మము పలుచనైన పాదముతో కంకరమీఁద నడచు మనుష్యునివలె గుఱ్ఱము జంకుచు నడచును. అట్టిది ఇసుకమీఁద బాగుగా నడచి, రోడ్డుమీఁద మాత్రము మొగము చిట్లించును. సాధారణముగా రెండు కాళ్లును నొచ్చును. దానికి విశ్రాంతియు మెత్తని నేలయు ముఖ్యము. లాడము గోడమీఁద గాక అరికాలిమీఁద ఆనినయెడల అచ్చట కమిలి నొచ్చును. అట్టి లాడమును తీసి సరిచేయవలెను. మడతలను మిక్కిలి బిగించినను నొప్పి కలుగును. వీని కన్నిటికిని వేఱై, గిట్టలోపలి మాంసపుపొర యంతయు వాచెడి వ్యాధి యొకటి కలదు. ధాన్యము అతిగాఁ దినుట దానికి ముఖ్యకారణములలో నొకటి. అట్టి గుఱ్ఱము ముందుకాళ్లను చాఁచి, బరువును వెనుకకు వేసి నిలుచును, కదలుటకు ఇష్టపడదు. ఆ గుర్తు కనఁబడినపుడు ఒక్క పూటయైనను ఆలస్యము చేయక వైద్యుని పిలువవలెను. మన రాష్ట్రమున 2022లో సంచార పశువైద్య వాహనములు ఏర్పాటు చేయఁబడినవి; 1962 అను సంఖ్యకు ఫోను చేసి వానిని పిలుచుట రైతులకు తెలిసినదే.

గిట్ట గోడ నెలకు సెంటీమీటరు లోపుగా పెరుగును. అందుచేత ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకమాఱు లాడమును తీసి, పెరిగిన గోరును కోసి, మరల వేయవలెను. డబ్బు మిగిలించుటకై మూఁడు నాలుగు నెలలు విడిచినచో, మేకులు వదులై, గోడ పగిలి, తరువాత మేకు కొట్టుటకు గట్టిచోటు దొరకదు. అప్పుడే మేకు లోపలికి జరుగును. సముద్రతీరమున ఇంకొక చిక్కు కలదు. గిట్ట మాటిమాటికి తడిసి మాటిమాటికి ఎండుటచే పెళుసగును. సాయంకాలమున మంచినీటితోఁ గడిగి, ఆఱిన చోట కట్టివేయుట మేలు.

ఎద్దుల గిట్టలకును ఇదే న్యాయము. నల్లరేగడిలో దున్ను ఎద్దునకు లాడము అక్కఱలేదు. కంకరరోడ్డుమీఁద పొగాకు బండ్లను ఈడ్చిన ఒంగోలు ఎద్దులకు అది లేనిదే గోరు అఱిగిపోవుచుండెను. ఎద్దు గిట్ట రెండుగాఁ జీలియుండును గనుక ఒక్కొక్క కాలికి రెండు బిళ్లలు వేయుదురు. త్రాళ్లతో కాళ్లు బంధించి పడవేసి కొట్టుట వాడుక. గోడ గుఱ్ఱపు గోడకంటె పలుచన. కాఁబట్టి పనివాని చేతికి ఇంకను ఎక్కువ నిదానము కావలెను. లాడము వేసిన వారములో ఎద్దు కాడి క్రింద తలవంచి ఆగినపుడు, ముల్లుకఱ్ఱ ఎత్తుటకు ముందు గిట్ట ఎత్తి చూచుట రైతునకు ధర్మము.

ధనుర్వాతపు సూదిమందు మాట పైన చెప్పితిని. దానిని గూర్చి ఒక సంగతి విద్యార్థులు ఎఱుఁగవలెను. ఆ రోగపు క్రిమి మంటిలోను పేడలోను ఉండును. గాలి చొరని లోతైన గాయములో పెరుగును. మేకు చేసిన సన్నని రంధ్రము దానికి తగిన యిల్లు. జంతువులలో ఆ రోగము మిక్కిలి సులభముగాఁ దగులునది గుఱ్ఱమునకే. జపాను దేశస్థుఁడైన కిటసాటో 1889లో ఆ క్రిమిని వేఱుచేసి పెంచెను. 1890లో అతఁడును బేరింగును దాని విషమునకు విరుగుడు రక్తములో పుట్టునని చూపిరి. ఆ మీఁదట ఆ విరుగుడును మనుష్యుల నిమిత్తము గుఱ్ఱముల రక్తమునుండియే తీయసాగిరి. మన తాతల కాలమున గాయపడినవారికి ఇచ్చిన మందు అదియే. నేఁటికిని మన దేశమున పాముకాటునకు ఇచ్చు విరుగుడు మందు గుఱ్ఱముల రక్తమునుండియే తయారగుచున్నది. మన పల్లెలలో పొలమున పాము కఱచి బ్రదికినవాఁడు ప్రతివాఁడును ఎచ్చటనో నిలిచియున్న ఒక గుఱ్ఱమునకు ఋణపడియున్నాఁడు. అతఁడు దానిని ఎన్నఁడును చూడఁడు.

ఈ సంగతులను వ్రాయుటలో నా యుద్దేశము మీ రందఱును లాడములు కొట్టువారు కావలెనని కాదు. చేతిపని యేదైనను, కమ్మరమైనను, నేఁతయైనను, పాఠము చెప్పుటయైనను, దానిలో పని తప్పుత్రోవ పట్టిన క్షణమున ఒక మెత్తని చప్పుడు వినఁబడును. అది పనివానికే వినఁబడును, ఇతరులకు వినఁబడదు. అప్పుడు ఆగి, కొట్టిన మేకును తీసి, మరల కొట్టుటకు పట్టు కాలము ఒక్క నిమిషము. ఆ నిమిషమును మిగిలించుకొన్న దానికి ఆ యింటివారు మూఁడు వారముల కూలిని చెల్లించిరి. నోరులేని జంతువు నొప్పిని భరించెను. అయినను, వాఁడు ఆ మాటను దాఁచక చెప్పినందున, ఆ యింటివారు మరల వాని చేతికే గుఱ్ఱపు కాలు అప్పగించిరి. ఇది నేను కన్నులార చూచినది.

కడపట మన విద్యార్థులకు ఒక మనవి. సెలవు దినమున మీరు వాడరేవునకు పోయి గుఱ్ఱమెక్క నిచ్చగించినపుడు, ముందు దానిని గట్టి నేలమీఁద పదియడుగులు నడిపించి చూపుమని గుఱ్ఱపువానిని మర్యాదగా నడుగుఁడు. తల సమముగా నున్నదా, నాలుగు కాళ్లును ఒకే తీరుగా పడుచున్నవా చూడుఁడు. ఒక కాలు ఆనునపుడు తల పైకెగసినయెడల, ఎక్కకుఁడు. ఆ సంగతి దాని యజమానునికి చెప్పుఁడు. ఎక్కుటకు తెచ్చిన రూకలు చేతిలో మిగిలినయెడల, ఆతని యొద్దనే ఒక గంపెడు గడ్డి కొని దానికి వేయుఁడు.